కోహిమా కొండ, మోయిరాంగ్ జెండా

దిమాపూర్ నుంచి కోహిమా, 2022 అక్టోబర్ 14

దిమాపూర్ నుంచి కోహిమాకి 74 కిలోమీటర్లు. షేర్ టాక్సీలో మనిషికి 350 రూపాయలు. నాలుగు లేన్ల రోడ్డు పని ఇంకా నడుస్తోంది. కొండ చెక్కిన చోటల్లా ఎర్రమట్టి, ఎండ కాస్తే దుమ్ము. మా ఆవిడ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని కూర్చుంది. నేను మాత్రం ఒక్క మలుపు కూడా వదలకుండా చూస్తూ వచ్చాను.

1944లో, రెండో ప్రపంచ యుద్ధంలో, మా తాతయ్య బ్రిటిష్ వాళ్ళ సైన్యంలో ఈ దారిలోనే మిలిటరీ లారీ నడిపాడు. రైలు దిమాపూర్‌లో ఆగిపోయేది. అక్కడి నుంచి ఇంఫాల్ దాకా బియ్యమైనా, పెట్రోలైనా, మందుగుండైనా లారీల మీదే వెళ్ళాలి. జపాన్ సైన్యం కోహిమా మీద పడింది అందుకే. ఆ కొండ చేజారితే ఇంఫాల్‌కి దారి తెగుతుంది, ఇంకాస్త దిగి వస్తే దిమాపూర్ గోదాములన్నీ వాళ్ళవి.

1992, 93ల్లో నా పల్టన్ కూడా ఇక్కడే, నాగాలాండ్‌లో ఉండేది. నాగా తిరుగుబాటు రోజులవి. తెల్లవారకముందే రోడ్ ఓపెనింగ్ పార్టీగా బయల్దేరి, కాన్వాయ్ కదిలేలోపు ఈ మలుపులన్నీ నడిచి చూసేవాళ్ళం. కల్వర్టు కింద మందుపాతర ఉందేమో, పైన చెట్లలో ఎవరైనా కాచుకుని ఉన్నారేమో అని. మమ్మల్ని చూడగానే దారి పక్క ఇళ్ళ తలుపులు మూసుకునేవి. అంతకాలం ఉండి ఈ రాష్ట్రంలో ఒక్క ఇంట్లో కూర్చుని టీ తాగలేదు. రిటైరయ్యాక చేతిలో తుపాకీ లేకుండా ఒకసారి రావాలని ఎప్పటి నుంచో ఉంది. తాతయ్య తిరిగిన చోట్లు చూడాలన్నది రెండో కారణం.

పిఫెమాలో భోజనానికి ఆపారు. అన్నం, పొగబెట్టిన పంది మాంసం, ఉడికించిన ఆకుకూర, పక్కన గోటి మందం రాజా మిర్చి చట్నీ. మా ఆవిడ పంది మాంసం ముట్టదు. హోటలామె అది అడిగి తెలుసుకుని, ఆమెకి పప్పు, ఉడికించిన ఇస్కుస్ కాయ (మన బెంగళూరు వంకాయ) పెట్టింది. చట్నీ చూపించి, కొంచెమే అని వేలితో సైగ చేసింది. గుంటూరు కారం తిని పెరిగిన ప్రాణం మాది, అయినా ఆ చిన్న ముద్దకే కళ్ళలో నీళ్ళు వచ్చాయి. ఇద్దరికీ కలిపి 320 రూపాయలు.

కోహిమా చేరేసరికి నాలుగు దాటింది. ఇక్కడ పొద్దు త్వరగా వాలిపోతుంది, అయిదున్నరకల్లా దుకాణాల షట్టర్లు దిగిపోతున్నాయి.

కోహిమా, అక్టోబర్ 15

యుద్ధ శ్మశానం ఊరి నడిమధ్యలో, గ్యారిసన్ హిల్ అనే కొండ వాలులో మెట్లుమెట్లుగా ఉంటుంది. కింద ట్రాఫిక్ హారన్లు వినిపిస్తూనే ఉంటాయి. టికెట్ లేదు. కత్తిరించిన పచ్చగడ్డి, వరుసలుగా రాళ్ళు, ఒక్కో రాతి మీద పేరు, హోదా, పల్టన్, వయసు. 19, 22, 20. ఆ వయసు పిల్లలకి నేను డ్రిల్ నేర్పాను. బూట్లు కరుస్తున్నాయని చెప్పడానికి కూడా మొహమాటపడే వయసు అది.

1944 ఏప్రిల్ 4న మొదలైన పోరు జూన్ 22 దాకా సాగింది. మొదటి రెండు వారాలు ఈ కొండని చుట్టుముట్టి నొక్కేశారు. పైన డిప్యూటీ కమిషనర్ బంగళా ఉండేది, దాని పక్కన టెన్నిస్ కోర్టు. కోర్టుకి ఈ చివర మనవాళ్ళ కందకాలు, ఆ చివర జపాన్ వాళ్ళవి. ఆ గీతలు ఇప్పుడు తెల్లటి సిమెంటుతో గుర్తుగా ఉంచారు. నేను అడుగులు వేసి కొలిచాను. అంత దగ్గర్లో గ్రెనేడ్ పిన్ను లాగిన చప్పుడు అవతలివాడికి వినపడుతుంది. అక్కడ రోజుల తరబడి ఎలా నిలబడ్డారో, తుపాకీ పట్టిన చేతులకి కూడా ఊహకి అందదు.

బ్రిటిష్ వాళ్ళ రెండో డివిజన్ రాయి మీద ఉన్న మాటలు చాలామందికి తెలుసు: మీరు ఇంటికి వెళ్ళినప్పుడు మా గురించి చెప్పండి, మీ రేపటి కోసం మా నేటిని ఇచ్చామని చెప్పండి అని. మా ఆవిడ అర్థం చెప్పించుకుని కాసేపు ఊరుకుంది. తర్వాత అడిగింది: "మరి మనవాళ్ళు ఎవరి రేపటి కోసం పోయారండీ?"

దానికి అక్కడ జవాబు చెప్పలేకపోయాను. ఆ దారిన అందరికంటే పైకి ఎక్కితే హిందూ, సిక్కు సైనికుల స్మారకం వస్తుంది. దహనం చేసినవాళ్ళకి సమాధులు ఉండవు కాబట్టి 917 మంది పేర్లు అక్కడ చెక్కారు. కింద సమాధుల దగ్గర ఫొటోలు తీసుకునేవాళ్ళు చాలామందే ఉన్నారు, పైన మేమిద్దరమే. తాతయ్యతోపాటు లారీలో వెళ్ళిన పక్క ఊరి మనిషి ఒకాయన తిరిగి రాలేదు. కోహిమా దారిలో పోయాడని తాతయ్య చెప్పేవాడు, అంతకుమించి ఏమీ చెప్పేవాడు కాదు. ఆ పేరు కోసం నేను ఒక వైపు నుంచి, మా ఆవిడ ఇంకో వైపు నుంచి చదువుతూ వచ్చాం. దొరకలేదు.

తాతయ్య సంగతి ఇక్కడే చెప్పాలి. యుద్ధం అయ్యాక మెడల్ తెచ్చుకున్నాడు గానీ ఊళ్ళో దాన్ని పెట్టుకోలేదు. తెల్లవాడి ఉప్పు తిన్నాడనే మాట ఉండేది. మా ఎదురింట్లో బర్మా తాత ఉండేవాడు. రంగూన్ బియ్యం మిల్లులో పనికి వెళ్ళి, 1943లో నేతాజీ ఆజాద్ హింద్ ఫౌజ్‌లో చేరి, తుపాకీ పట్టి జపాన్ సైన్యంతోపాటు ఇటువైపు నడిచి వచ్చాడు. 1972లో స్వాతంత్ర్య సమరయోధుల పింఛను మొదలయ్యాక ఆయనకి మంజూరైంది. ఆగస్టు 15న బళ్ళో జెండా ఆయనే ఎగరేసేవాడు, తాతయ్య పిల్లల వెనక నిలబడి సెల్యూట్ కొట్టేవాడు. సాయంత్రాలు మాత్రం ఇద్దరూ మా అరుగు మీదే కూర్చునేవారు. మాకు అర్థం కాకూడదనుకున్నవి హిందుస్తానీలో మాట్లాడుకునేవారు. వాళ్ళిద్దరూ 1944లో ఒకే యుద్ధంలో చెరో వైపు ఉన్నారన్న సంగతి నేను పల్టన్‌లో చేరాక గానీ నా బుర్రకి ఎక్కలేదు.

మెట్లు దిగుతుంటే ఒకాయన వెనక నుంచి పిలిచాడు. "సాబ్, ఏ పల్టన్?" స్మారకం ముందు నేను నిలబడ్డ తీరు చూసి పట్టుకున్నాడట. నాగా రెజిమెంట్‌లో హవల్దార్‌గా చేసి రిటైరయ్యాడు. ఊరు ఖొనోమా. రేపు ఆదివారం, కోహిమాలో ఏమీ తెరిచి ఉండదు, మా ఇంటికి రండి అన్నాడు. నేను సుబేదార్‌గా దిగానని తెలిశాక మాట మాటకీ సాబ్ చేర్చడం మొదలుపెట్టాడు. వద్దంటే వినలేదు.

ఖొనోమా, అక్టోబర్ 16

ఆదివారం టాక్సీ దొరకడం కష్టం. దొరికిన బండి డ్రైవర్ రానూపోనూ 1,800 అడిగాడు. అతను కొత్తవాడు, జోత్సోమా దాటాక ఇంకో దారి పట్టించి ఒక రాతి క్వారీ దగ్గర తేల్చాడు. అక్కడ దుంగ మీద కూర్చున్న ముసలాయన ఒక్క మాట అడగకుండా లేచి, బండి ముందు నడిచి సరైన మలుపు దాకా వచ్చి చేయి ఊపి వెళ్ళిపోయాడు. డబ్బు ఇవ్వబోతే చేతులు వెనక్కి కట్టుకున్నాడు.

ఖొనోమా అంగామీ అనే నాగా తెగవాళ్ళ ఊరు. కింద లోయ అంతా మడులు మడులుగా వరి, కోతకి వచ్చి పసుపు తిరిగింది. ఇళ్ళ మధ్య రాతి మెట్లు, ఎక్కడా చెత్త లేదు. చర్చి అయ్యాక హవల్దార్ గారు మమ్మల్ని వంటింట్లోకి తీసుకెళ్ళారు. ఇక్కడ గౌరవం అంటే అదే, అతిథిని ముందు గదిలో కాదు, పొయ్యి దగ్గర కూర్చోబెడతారు. పొయ్యి పైన వెదురు తడికలో మాంసం పొగకి ఆరుతోంది. ఆయన భార్య గాల్హో పెట్టింది. బియ్యం, ఆకుకూరలు కలిపి పల్చగా ఉడికించిన జావ అది, మా ఆవిడ కోసం మాంసం లేకుండా విడిగా వండింది. రెండో గిన్నె అడిగి మరీ తిన్నాం. తర్వాత పాలు లేని టీ, పెద్ద మగ్గుల్లో.

నాగాలాండ్‌లో ఒక ఇంట్లో నేను తాగిన మొదటి టీ అది. అదే మాట ఆయనతో చెప్పాను.

ఆయన కాసేపు మంట సరిచేస్తూ కూర్చుని, "మా పెదనాన్న మీలాంటి వాళ్ళని చూసే అడవిలోకి వెళ్ళాడు సాబ్. నేను ద్రాస్ వెళ్ళాను" అన్నాడు. 1999లో కార్గిల్‌లో నాగా రెజిమెంట్ రెండు పల్టన్లూ పోరాడాయి. ఈయన అందులో ఉన్నాడు. పెదనాన్న నాగా స్వాతంత్ర్యం కోసం అండర్‌గ్రౌండ్‌కి వెళ్ళి జైలు కూడా చూశాడు. పండక్కి ఇద్దరూ ఇదే పొయ్యి దగ్గర కూర్చునేవారట. ఆ మాట వినగానే మా అరుగు గుర్తొచ్చింది.

సాయంత్రం ఊరు తిప్పి చూపించాడు. 1879 అక్టోబర్‌లో బ్రిటిష్ పొలిటికల్ ఆఫీసర్ డామంట్‌ని ఈ ఊరివాళ్ళు చంపారు. ఆ తర్వాత తెల్లవాళ్ళ సైన్యం నెలల తరబడి ఊరిని ముట్టడించింది. ఆ కోట రాళ్ళు ఇంకా ఉన్నాయి. నాగా ఉద్యమానికి నాయకుడైన ఫిజోది ఈ ఊరే. దారిలో ఒక స్మారక శిల మీద, నాగాలు భారతీయులు కారనే అర్థం వచ్చే మాటలు చెక్కి ఉన్నాయి. దాని ముందు నిలబడి మొత్తం చదివాను. 28 ఏళ్ళు ఈ దేశం యూనిఫాం వేసుకున్నవాణ్ణి, ఆ మాటని ఒప్పుకోను. కానీ దాని కింద ఉన్నది కూడా ఒక మనిషి పేరే. అతని ఇంట్లోనూ ఎవరో ఏడ్చి ఉంటారు.

అక్కడ నాకు స్పష్టంగా అనిపించింది చెబుతాను. ఇది నా దేశం అని నేను పరేడ్ గ్రౌండ్‌లో వెయ్యిసార్లు అన్నాను, అక్కడ ఎవరూ కాదనరు. ఆ మాట హవల్దార్ గారి పెదనాన్న ఎదురుగా, ఆయన పొయ్యి దగ్గర కూర్చుని, ఆయన చెప్పేది విని, తర్వాత అనగలగాలి. అదీ కష్టమైన పని. 2021 డిసెంబర్ 4న నాగాలాండ్‌లోనే మోన్ జిల్లా ఓటింగ్ అనే ఊరి దగ్గర బొగ్గు గనిలో పని ముగించుకుని ఇంటికెళ్తున్న కూలీలు మన సైన్యం కాల్పుల్లో చనిపోయారు. ఆ వార్త విన్న రాత్రి నాకు నిద్ర లేదు. టీవీలో సైనికుడి పేరు ఎత్తితే చాలు చప్పట్లు కొట్టేవాళ్ళని చూస్తే నాకు బాధేస్తుంది. మమ్మల్ని గౌరవించడం అంటే మా చేతిలో తప్పు జరిగినప్పుడు అడగడం మానేయడం కాదు. పల్టన్‌లో తప్పు చేసినవాణ్ణి మేమే వదిలేవాళ్ళం కాదు. సాయుధ బలగాల ప్రత్యేక అధికారాల చట్టాన్ని 2022 ఏప్రిల్‌లో నాగాలాండ్‌లోని 15 పోలీస్ స్టేషన్ల పరిధిలో ఎత్తేశారు. హవల్దార్ గారు ఆ సంగతి చెప్పినప్పుడు ఆయన మొహంలో కనిపించిన తేలిక చూశాను. కార్గిల్‌లో పోరాడిన మనిషి ఆయన.

వెళ్ళేటప్పుడు ఒక పొట్లంలో ఎండు రాజా మిర్చి కట్టిచ్చారు. ఖర్చుకి ఏమైనా తీసుకోమంటే, ఫౌజీ ఇంట్లో ఫౌజీ దగ్గర డబ్బులా అని భార్యాభర్తలిద్దరూ కోప్పడ్డారు.

ఇంఫాల్, అక్టోబర్ 17

కోహిమా నుంచి ఇంఫాల్ దారి గురించి చెప్పడానికి పెద్దగా లేదు. మావో గేటు దగ్గర పర్మిట్ చూశారు, సేనాపతిలో అన్నం తిన్నాం. సాయంత్రం ఇమా మార్కెట్‌కి వెళ్ళాం. వేల దుకాణాలు, అన్నీ ఆడవాళ్ళవే. మా ఆవిడ కళ్ళు అక్కడే నిలిచిపోయాయి. ఒక పెద్దావిడ సింగ్జు కలిపి ఇచ్చింది, సన్నగా తరిగిన క్యాబేజీ, తామర తూడు, వేయించిన శనగపిండి, ఎండుచేప కారం. ప్లేటు 30 రూపాయలు. ఇక్కడ అమ్మేవాళ్ళని 'ఇమా' అనే పిలవాలి, అంటే అమ్మ. మా ఆవిడ అలా పిలవగానే ఇంకో గుప్పెడు వేసింది.

పక్కనే కంగ్లా కోట. మణిపూర్ రాజుల కోట ఇది. 1891లో బ్రిటిష్ వాళ్ళు గెలిచి, యువరాజు టికేంద్రజిత్‌ని ఆగస్టు 13న ఉరితీశారు. అప్పటి నుంచి ఈ కోట సైన్యం చేతిలోనే ఉండిపోయింది. స్వాతంత్ర్యం వచ్చాక కూడా, 2004 నవంబర్‌లో అస్సాం రైఫిల్స్ ఖాళీ చేసేదాకా, మామూలు జనం లోపలికి రాలేకపోయారు. ఇప్పుడు పిల్లలు గడ్డి మీద సైకిళ్ళు తొక్కుతున్నారు.

మోయిరాంగ్, అక్టోబర్ 18

ఇంఫాల్ నుంచి 45 కిలోమీటర్లు. వ్యాన్‌లో మనిషికి 60 రూపాయలు. ఊరి పక్కన లోక్‌తక్ సరస్సు, దాని మీద తేలే గడ్డి దిబ్బలు. చేపల పులుసుతో అన్నం పెట్టిన పాకలో, మేము ఎక్కడి నుంచి వచ్చామని అడిగి, అంత దూరమా అని ఇంటావిడ చేప ముక్క ఇంకొకటి వేసింది.

1944 ఏప్రిల్ 14న ఆజాద్ హింద్ ఫౌజ్ కల్నల్ షౌకత్ మాలిక్ ఇక్కడ మువ్వన్నెల జెండా ఎగరేశాడు. ఆ తేదీ చూసి ఆగిపోయాను. సరిగ్గా అదే వారం కోహిమా కొండ మీద ముట్టడి. మా తాతయ్య దిమాపూర్‌లో, బర్మా తాత ఈ చుట్టుపక్కల ఎక్కడో.

ఇక్కడి స్మారకం సింగపూర్‌లో నేతాజీ కట్టించినదానికి నకలు. 1945 జూలైలో దానికి శంకుస్థాపన చేశారు, రెండు నెలలు తిరగకుండానే తిరిగొచ్చిన బ్రిటిష్ సైన్యం కూల్చేసింది. మీద మూడు మాటలుంటాయి, ఇత్తెఫాక్, ఇత్మాద్, కుర్బానీ. ఐక్యత, విశ్వాసం, త్యాగం అని అర్థం. మ్యూజియంలో తుప్పు పట్టిన హెల్మెట్లు, ఉత్తరాలు, ఫొటోలు. ఫొటోల్లో ఆ మనుషులు బక్కచిక్కి ఉన్నారు. ఇంఫాల్ యుద్ధంలో జపాన్ వైపు చనిపోయినవాళ్ళలో ఎక్కువమంది తూటాలకి కాదు, ఆకలికీ జబ్బులకీ పోయారు. ఫౌజ్ వాళ్ళ గతీ అంతకంటే మెరుగ్గా లేదు. బర్మా తాత కంచంలో మెతుకు వదిలేవాడు కాదు. పిల్లలు వదిలితే తిట్టేవాడు.

పల్టన్‌లో మాకు నేర్పేది నామ్, నమక్, నిషాన్. పేరు, తిన్న ఉప్పు, జెండా. తాతయ్య తిన్న ఉప్పుకి కట్టుబడ్డాడు, బర్మా తాత జెండా కోసం వెళ్ళాడు. ఒకరు సరి, ఒకరు తప్పు అని తీర్పు చెప్పడానికి నాకు అర్హత లేదు. ఇద్దరిలో ఎవరిది ఎక్కువ త్యాగం అని ఊళ్ళో కొలిచిన కొలతే నాకు నచ్చలేదు. స్వతంత్ర భారతం చేసిన పని కూడా ఇబ్బందిగానే ఉంటుంది. ఎర్రకోటలో షానవాజ్ ఖాన్, సెహగల్, ధిల్లాన్‌ల మీద విచారణ జరిగినప్పుడు దేశమంతా వాళ్ళ వెనక నిలబడింది, అదే దేశం 1947 తర్వాత ఫౌజ్ వాళ్ళని సైన్యంలోకి తిరిగి తీసుకోలేదు. బ్రిటిష్ వాళ్ళ కింద పోరాడిన సైన్యమే మన సైన్యం అయింది. 1947 అక్టోబర్‌లో శ్రీనగర్‌లో దిగింది ఆ సైనికులే. అంటే తాతయ్య లాంటివాళ్ళు లేకపోతే ఆ స్వాతంత్ర్యాన్ని కాపాడేవాళ్ళు లేరు, బర్మా తాత లాంటివాళ్ళు లేకపోతే అది అంత త్వరగా వచ్చేది కాదు. మా ఆవిడ అడిగినదానికి ఇక్కడ జవాబు చెప్పాను. వాళ్ళెవరికీ ఎవరి రేపటి కోసమో తెలిసి ఉండదు, పక్కన నిలబడ్డవాడి కోసం నిలబడి ఉంటారు, ఆ రేపు మనకి వచ్చింది అని. ఆమె తల ఊపింది గానీ, "పోయినవాళ్ళ భార్యలకి మాత్రం రాలేదు" అంది. నిజమే.

ఇంఫాల్, అక్టోబర్ 19

బ్రిటిష్ వాళ్ళ శ్మశానం ఎక్కడంటే ఆటోవాళ్ళందరికీ తెలుసు. ఇండియన్ ఆర్మీ వార్ సెమెటరీ అంటే ఇద్దరు తెలియదన్నారు, మూడోవాడు 150కి ఒప్పుకుని రెండు సందులు తిరిగి చేర్చాడు. ఎక్కువగా ముస్లిం సైనికుల సమాధులు. జమాదార్ అబ్దుల్ హఫీజ్ ఇక్కడే ఉన్నాడు. 1944 ఏప్రిల్ 6న ఇంఫాల్‌కి ఉత్తరాన ఒక కొండ మీద జపాన్ వాళ్ళ మెషిన్ గన్ వైపు దూసుకెళ్ళి ప్రాణం ఇచ్చాడు, విక్టోరియా క్రాస్ వచ్చింది. హర్యానా రోహ్‌తక్ వైపు మనిషి. కొన్ని రాళ్ళ మీద పేర్లే లేవు, భారత సైన్యపు సైనికుడు అని మాత్రమే ఉంది. దహనం చేసినవాళ్ళ పేర్లు ఇక్కడా విడిగా చెక్కారు. అక్కడా వెతికాం, మేం వెతికే పేరు లేదు.

పూలమొక్కలకి నీళ్ళు పెడుతున్న మాలీ మా అవస్థ చూసి దగ్గరికి వచ్చాడు. సమాధి తెలియనివాళ్ళ పేర్లు చాలావరకు బర్మాలో, రంగూన్ దగ్గర తౌక్యాన్‌లో ఉన్న స్మారకం మీద చెక్కారట. కామన్వెల్త్ శ్మశానాల కమిషన్ జాబితా ఇంటర్నెట్‌లో ఉందని, తండ్రి పేరు, ఊరు పేరుతో కూడా కొన్ని వివరాలుంటాయని చెప్పాడు. తౌక్యాన్ స్మారకం మీద దాదాపు 27,000 పేర్లున్నాయి.

ఊరికి వచ్చాక

పక్క ఊరు వెళ్ళి, తాతయ్యతో వెళ్ళి తిరిగి రాని ఆ మనిషి మనవళ్ళని కలిశాను. వాళ్ళ దగ్గర ఒక్క కాగితం లేదు, ఆర్మీ నంబరు తెలియదు. యుద్ధంలో పోయాడని మాత్రం తెలుసు. పెద్ద మనవడు, "ఇప్పుడు తెలిస్తే ఏమైనా వస్తుందా బాబాయ్?" అని అడిగాడు. డబ్బు ఏమీ రాదన్నాను. అయినా వెతకమన్నాడు. ఆన్‌లైన్ జాబితాలో అదే పేరుతో ముగ్గురు కనిపించారు. ఒకరి ఊరు ఉత్తరాదిది, మిగతా ఇద్దరికీ ఊరు పేరే లేదు. ఇంకా చూస్తున్నాను.

మా బళ్ళో గోడ మీద స్వాతంత్ర్య సమరయోధుల బోర్డు ఉంది, అందులో బర్మా తాత పేరు మొదటిది. 1939 నుంచి 45 దాకా మా రెండు ఊళ్ళ నుంచి సైన్యంలోకి వెళ్ళిన తొమ్మిది మంది పేర్లు రాసి తీసుకెళ్ళి హెడ్‌మాస్టర్ గారికి ఇచ్చాను. ఆ శీర్షిక కింద వీళ్ళు రారండీ అన్నారు. ఆ కింద వద్దు, పక్కనే ఇంకో బోర్డు పెడదాం అన్నాను. పంచాయతీలో అడగాలన్నారు. పంచాయతీ మెంబరు ఒకాయన, తెల్లవాడి కోసం వెళ్ళినవాళ్ళకి బోర్డు ఏమిటని గట్టిగానే మాట్లాడాడు. నేనూ గట్టిగానే మాట్లాడాను. సర్పంచ్ గారు చివరికి జనవరి 26లోపు తేలుద్దామన్నారు. పెయింటర్‌ని అడిగితే రేకుతో కలిపి 2,200 అవుతుందన్నాడు. ఆ ఖర్చు నాదేనని, తొమ్మిదో పేరు పక్క ఊరివాడిదైనా రాయాల్సిందేనని చెప్పి వచ్చాను.